అమ్మ కాదు, ఓనరు

1939లో పి. పుల్లయ్య తీసిన 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం'లో శాంతకుమారి పద్మావతి. పెండ్లికూతురు. 1960లో అదే పుల్లయ్య అదే కథను అదే పేరుతో మళ్ళీ తీశాడు. ఈసారి శాంతకుమారి వకుళమాత. పెండ్లికొడుకు తల్లి. స్వామి వేషం ఎన్టీఆర్‌ది. ఆమె పుట్టింది 1920లో, ఆయన 1923లో. తనకన్నా మూడేండ్లు చిన్నవాడికి తల్లి అన్నమాట.

సినిమాల్లో ఆడవాళ్ళ వయసు అట్లనే నడుస్తుందిలే అంటారు. నిజమే, దాని మీద చాలామంది రాశారు కూడా. నా గొడవ వేరే. ఆ 1960 సినిమా పద్మశ్రీ పిక్చర్స్ వాళ్ళది. శాంతకుమారి, పుల్లయ్య కలిసి నడుపుకున్న సొంత కంపెనీ అది. తెర మీద కొడుకు పెండ్లి మాట్లాడ్డానికి బయల్దేరిన తల్లే తెర వెనక ఆ సినిమాకు ఓనరు. ఆ తల్లి పాట కూడా ఎరువు తెచ్చుకున్న గొంతు కాదు, ఆమె సొంత గొంతే. మనకు తల్లి గుర్తుంది. పాత పాటల పిచ్చి ఉన్నవాళ్ళకు గొంతు గుర్తుంది. ఓనరు మాత్రం ఎవరికీ గుర్తు లేదు. నేను మాట్లాడాలనుకున్నది ఆ ఓనరు గురించే.

ముందే ఒక మాట. ఈ వ్యాసంలో ఎవరికీ 'గారు' పెట్టడం లేదు. 'ఆయన తీశారు, ఆమె పాడింది' అని రాసే అలవాటు మన పత్రికలది. మర్యాద ఇస్తే అందరికీ ఇవ్వాలి, తీస్తే అందరికీ తీయాలి. నేను తీసేశాను.

*

నేను పుట్టింది కర్నూల్లో. అమ్మమ్మ వాళ్ళది ప్రొద్దుటూరు. ప్రొద్దుటూరు గొప్ప ఏంది అని ఎవర్నడిగినా బంగారు అంగళ్ళు చెప్తారు, రెండో బొంబాయి అనే పేరు చెప్తారు, దసరాకు అమ్మవారిశాల చెప్తారు. కడప జిల్లాకు సినిమాలో ఏం గొప్ప అని అడగండి. బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి అంటారు. అన్నదమ్ములిద్దరికీ ఫాల్కే అవార్డు, 1974లో ఒకరికి, 1986లో ఇంకొకరికి. వాహిని, విజయా. ఆ తర్వాత సింహాద్రిపురం పద్మనాభం. అక్కడికి లిస్టు అయిపోతుంది. శాంతకుమారి పేరు మనమే ఎత్తితే, "ఎవరు, ప్రేమనగర్‌లో నాగేశ్వర్రావు తల్లా?" అంటారు. ఆయమ్మది ప్రొద్దుటూరే అంటే, "అవునా!" అని ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యం చూసి చూసి నాకు విసుగొచ్చింది.

అసలు పేరు వెల్లాల సుబ్బమ్మ. వెల్లాల అనే ఊరు ప్రొద్దుటూరుకు దగ్గరే. సంగీతం నేర్చుకుంది, మద్రాసు పోయి ప్రొఫెసర్ పి. సాంబమూర్తి దగ్గర పాఠం చెప్పించుకుంది. 1936లో 'శశిరేఖా పరిణయం'లో శశిరేఖ. సుబ్బమ్మ శాంతకుమారి అయింది అప్పుడే. అది ప్లేబ్యాక్ రాని కాలం. కెమెరా ముందు నిలబడిన మనిషే పాడాలి. పాడడం రాకపోతే వేషం లేదు. అంటే ఆయమ్మను సినిమాకు పిలిపించింది గొంతు. మొహం తర్వాత. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

ఎందుకంటే కొన్నేండ్లకు ప్లేబ్యాక్ వచ్చింది. మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది అయింది. పాడుతూ నటించే ఆడవాళ్ళకు అది పెద్ద దెబ్బ. వాళ్ళ చేతిలో ఉన్న రెండు పనుల్లో ఒకటి పోయింది. చాలామంది దాంతోనే కనుమరుగయ్యారు. నిలబడినవాళ్ళు ఎట్లా నిలబడ్డారు అని లెక్క తీస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాళ్ళలో చాలామందికి సొంత కంపెనీ ఉంది.

భానుమతికి భరణి పిక్చర్స్, తర్వాత భరణి స్టూడియో. కన్నాంబకు, ఆమె భర్త కడారు నాగభూషణానికి రాజరాజేశ్వరి ఫిలిం కంపెనీ. కృష్ణవేణి 'మనదేశం' తీసింది 1949లో. నటించింది, పాడింది, నిర్మాత కూడా తనే. ఎస్. వరలక్ష్మి సొంతంగా 'సతీ సావిత్రి' తీసింది. శాంతకుమారికి పద్మశ్రీ పిక్చర్స్. ఐదుగురూ పాడేవాళ్ళే. ఐదుగురూ ఓనర్లే. ఇది యాదృచ్ఛికం అనుకునేవాళ్ళు అనుకోవచ్చు, నేను అనుకోను.

*

ఇక్కడ కొంచెం చట్టం మాట్లాడుకోవాలి. బోరు కొడుతుందేమో, కానీ అసలు సరుకు ఇక్కడే ఉంది.

అమెరికాలో పాట బతికేది రికార్డు కంపెనీ మీద. మనకు సినిమానే పాటకు ఇల్లు. సినిమా పాట మీద అధికారం నిర్మాతది. గ్రామఫోను కంపెనీ ఒప్పందం రాసుకునేది కూడా నిర్మాతతోనే. 1957 కాపీరైట్ చట్టం వచ్చాక ఈ తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. 1977లో కోర్టు తేల్చింది: డబ్బు తీసుకొని సినిమా కోసం పాట రాసినా, బాణీ కట్టినా, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు నిర్మాతే. రాసినవాళ్ళ సంగతే అది అయితే, పాడినవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. చట్టంలో వాళ్ళ ఊసే లేదు. ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా నాలుగు మాటలు రాసి, పాడేవాళ్ళకు ఏ హక్కూ లేకపోవడం న్యాయం కాదు, పార్లమెంటు చూసుకోవాలి అన్నాడు. పార్లమెంటు చూసేసరికి 1994 అయింది. ప్రదర్శన ఇచ్చేవాళ్ళకూ ఒక హక్కు ఉంటుందని అప్పుడు ఒప్పుకున్నారు. రాయల్టీ మాట సరిగా చట్టంలోకి వచ్చింది 2012లో.

అంటే 1940ల్లో, 50ల్లో ఒక ఆడమనిషి తను పాడిన పాట తనదే అనిపించుకోవాలంటే దారి ఒక్కటే. నిర్మాత కావాలి. ఇంకో దారి లేదు. బతిమాలితే ఇచ్చేది కాదు, కోర్టుకు పోతే వచ్చేది కాదు. బేనర్ మన పేరు మీద ఉంటేనే పాట మన ఇంట్లో ఉంటుంది. ఆ ఐదుగురు ఈ సెక్షన్లన్నీ చదివి దిగారని నేననడం లేదు. కానీ కూలి తీసుకునే గొంతుకూ, కూలి ఇచ్చే గొంతుకూ తేడా ఏమిటో వాళ్ళకు ఏ వకీలూ చెప్పనవసరం లేదు. పాతికేండ్లు ఫ్లోర్ మీద నిలబడినవాళ్ళు.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ రికార్డు ఇచ్చి, చివర్లో తన పేరు తనే గట్టిగా చెప్పుకుంది. ఆ ప్రకటనను మనం ఇప్పటికీ మురిపెంగా తల్చుకుంటాం. తప్పు లేదు. కానీ పేరు చెప్పుకోవడం ఒకటి, రికార్డు కంపెనీ మనది కావడం ఇంకొకటి. రెండో మెట్టు ఎక్కినవాళ్ళు మన భాషలో, మన మద్రాసులో, ఇంతమంది ఉన్నారు. వాళ్ళ గురించి ఒక్క మంచి పుస్తకం పేరు చెప్పమంటే నీళ్ళు నములుతాం.

*

మరి వాళ్ళను మనం ఏమని గుర్తు పెట్టుకున్నాం? రెండు గదులు కట్టి పెట్టుకున్నాం. ఒకటి 'అమ్మ' గది, ఇంకోటి 'పొగరు' గది. శాంతకుమారిని, కన్నాంబను మొదటి దాంట్లో కూర్చోబెట్టాం. భానుమతిని రెండో దాంట్లో.

భానుమతి పొగరు మీద ఉన్నన్ని కథలు ఆమె సినిమాల మీద లేవు. 'మిస్సమ్మ' కథ అందరికీ తెలుసు. కొన్ని రీళ్ళు తీశాక ఆమెకూ చక్రపాణికీ తేడా వచ్చింది, క్షమాపణ రాసివ్వమన్నారు, రాయనన్నది, ఆమెను తీసేసి సావిత్రిని పెట్టుకున్నారు, 1955లో సినిమా పెద్ద హిట్టయింది అని చెప్పుకుంటారు. నీతి: పొగరు పడితే ఇట్లనే అవుతుంది.

ఈ కథను ఇంకో రకంగా చెప్పుకుందాం. అప్పటికి భానుమతి సొంత కంపెనీలో 'లైలా మజ్ను' తీసిన నిర్మాత. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో డైరెక్ట్ చేసిన మనిషి. అవతల విజయా సంస్థ, అదీ మా కడప నాగిరెడ్డి కంపెనీనే. ఒక కంపెనీ యజమానికీ, ఇంకో కంపెనీ యజమానికీ మధ్య జరిగిన తగాదా ఇది. ఇద్దరు మగ నిర్మాతలు ఇట్లా తెగదెంపులు చేసుకుంటే దాన్ని వ్యాపారంలో పట్టుదల అంటాం. ఇక్కడ ఒకవైపు 'సంస్థ' అయింది, ఇంకోవైపు 'పొగరుబోతు నటి' అయింది. తన పాట తనే పాడుకున్న మనిషి, ప్లేబ్యాక్ రాజ్యం నడిచే కాలంలో ఆ ఒక్క షరతు మీద నిలబడ్డ మనిషి. ఆ షరతు నిలవడానికి వెనక ఏం బలం ఉందో మనం అడగలేదు. తలుపు మూసి బయటికి రావాలంటే పోవడానికి ఇంకో ఇల్లుండాలి. ఆమెకు ఉండింది. దాన్ని మనం పొగరన్నాం.

ఇంకో పరీక్ష పెట్టి చూద్దాం. చిత్తూరు నాగయ్య గురించి ఏ వ్యాసమైనా తెరవండి. నటుడు, గాయకుడు, సంగీత దర్శకుడు, నిర్మాత అని వరసగా ఉంటుంది. ఆయన సొంతంగా సినిమాలు తీసి నష్టపోయాడు. ఆ నష్టాన్ని మనం దానగుణం అంటాం, ఎముక లేని చేయి అంటాం. సావిత్రి సినిమా తీసి నష్టపోయింది. దాన్ని అమాయకత్వం అంటాం, అయ్యో పాపం అంటాం, ఆమెకెందుకొచ్చిన గొడవ అంటాం. 'మహానటి' చూసి థియేటర్లో అందరం ఏడ్చాం, నేనూ ఏడ్చాను. కానీ గమనించండి. సొంత కంపెనీ పెట్టి మునిగిన ఆడమనిషి కథ మనకు నచ్చింది. సొంత కంపెనీ పెట్టి ఏండ్ల తరబడి నడిపి, కడుపులో చల్ల కదలకుండా బతికిన ఆడవాళ్ళ కథ ఎవరూ తీయరు. ఏడుపు లేని కథ అని కాబోలు.

కృష్ణవేణి నూరేండ్లు బతికి 2025 ఫిబ్రవరిలో పోయింది. 'మనదేశం' అంటే ఎన్టీఆర్ మొదటి సినిమా, ఘంటసాలకు సంగీత దర్శకుడిగా మంచి తొలి మెట్టు. ఆమెకు మనం ఇచ్చిన గుర్తు కూడా అదే: ఎన్టీఆర్‌ను పరిచయం చేసినావిడ. డబ్బు పెట్టిన మనిషి, పాడిన మనిషి, ఎవరికి వేషమివ్వాలో తేల్చిన మనిషి చివరికి ఇంకొకరి జీవిత చరిత్రలో మొదటి పేజీ అయింది.

*

నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న తెలుసు. "కంపెనీ పేరుకే ఆమెది, నడిపింది భర్త కాదా?" శాంతకుమారి వెనక పుల్లయ్య ఉన్నాడు, భానుమతి వెనక రామకృష్ణ ఉన్నాడు, కన్నాంబ వెనక నాగభూషణం ఉన్నాడు. నిజమే, ఉన్నారు. వాళ్ళు డైరెక్టర్లు. మంచి డైరెక్టర్లు. అయితే నాగిరెడ్డి పక్కన చక్రపాణి ఉన్నాడు కదా. బి.ఎన్. రెడ్డి పక్కన మూలా నారాయణస్వామి ఉన్నాడు కదా. అక్కడ అసలు నడిపింది ఎవరు అని ఎవరైనా అడిగారా? అక్కడ దాని పేరు భాగస్వామ్యం. భార్యాభర్తలైతే మాత్రం ఒకరు నడిపినట్టు, ఇంకొకరు సంతకం పెట్టినట్టు. పైగా ఆ రోజుల్లో జనం టికెట్టు కొన్నది ఎవరి మొహం చూసి, ఎవరి పాట విని? కంపెనీకి వచ్చిన మొదటి పెట్టుబడి ఆ గొంతే.

రెండో ప్రశ్న ఇంకా గట్టిది. సొంత కంపెనీలో కూడా ఆమె తల్లి వేషమే కదా వేసుకుంది? ఓనరై ఉండి ఏం మార్చింది? దీనికి నా దగ్గర తియ్యటి జవాబు లేదు. కథను మార్చలేదు. వకుళమాత వకుళమాతే. కానీ ఆ వకుళమాత నోట్లోంచి వేరే గొంతు రాలేదు. వయసైన ఆడవాళ్ళ పాత్రలకు కుర్ర గొంతులు అతికించే పద్ధతి నడుస్తుండగా, నలభై ఏండ్ల మనిషి నలభై ఏండ్ల గొంతుతో పాడింది. సొంత ఇంట్లో గొంతు తగ్గించాల్సిన పని లేదు. ఆ పాట మళ్ళీ వినండి. గమకం మీద సాధన తెలుస్తుంది, వయసు కూడా తెలుస్తుంది. రెండూ దాచలేదు.

మూడోది, నేనే వేసుకునే ప్రశ్న. ఓనరైన ఆడమనిషి మిగతావాళ్ళకు న్యాయం చేస్తుందని గ్యారంటీ ఏముంది? ఏమీ లేదు. అమెరికాలో సిల్వియా రాబిన్సన్ అని ఒక గాయని. 1956లో 'లవ్ ఈజ్ స్ట్రేంజ్' పాడింది. భర్త జోతో కలిసి ఆల్ ప్లాటినం అనే సొంత లేబుల్ పెట్టి, 1973లో 'పిల్లో టాక్' అనే సోల్ పాటతో దేశాన్ని ఊపింది. 1979లో షుగర్ హిల్ రికార్డ్స్ పెట్టి 'రాపర్స్ డిలైట్' వదిలింది. ర్యాప్‌ను వీధిలోంచి రికార్డు మీదికి తెచ్చిన వ్యాపారి. ఆమె కంపెనీలో పాడినవాళ్ళు మాకు రావలసిన డబ్బు రాలేదని తర్వాత గొడవ పెట్టుకున్నారు కూడా. మరి అక్కడివాళ్ళు ఆమెకు పెట్టిన బిరుదు ఏంటో తెలుసా? హిప్ హాప్‌కు తల్లి! అక్కడా అమ్మే. కంపెనీ పెట్టిన మగవాడిని మొగల్ అంటారు, బాస్ అంటారు. ఆడమనిషి అయితే సముద్రం దాటినా తల్లే.

అమ్మ అనడంలో తిట్టు లేదు, గౌరవమే ఉంది. అదే చిక్కు. అమ్మను ఎవరూ లెక్క అడగరు. అమ్మకు లాభనష్టాలు ఉండవు, తెలివితేటలు ఉండవు, మోసం కూడా ఉండదు. ప్రేమ ఒక్కటే ఉంటుంది. సిల్వియాను ఓనరు అంటే ఆమె చేసిన మేలూ రాయొచ్చు, ఎగ్గొట్టిన బాకీలూ రాయొచ్చు. శాంతకుమారిని నిర్మాత అంటే ఏ కథ ఎంచుకుంది, ఎందుకు ఎంచుకుంది, ఏది ఎంచుకోలేకపోయింది అని అడగొచ్చు. నాకు ఆ అడిగే హక్కు కావాలి. దండం పెట్టే హక్కు అందరికీ ఎప్పుడూ ఉంది.

*

"అంతా పాత కథ, ఇప్పుడెందుకు?" అనేవాళ్ళకు ఇప్పటి కథే చెప్తా.

నంద్యాల పక్క పల్లెలో నాకు తెలిసిన ఒకమ్మాయి ఉంది. చెక్కభజనలో, కోలాటంలో పెరిగిన గొంతు. ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్ళు పిలిచి పాడించుకున్నారు. పాటకింత అని చేతిలో పెట్టి, ఒక కాగితం మీద సంతకం తీసుకున్నారు. పాట బాగా పోయింది. పెండ్లి ఊరేగింపుల్లో, జాతర్లలో డీజే వాళ్ళు అదే వేస్తున్నారు. ఆ తర్వాత ఈ పిల్ల తన సొంత ఛానెల్ పెట్టుకొని, ఇంటి ముందర కూర్చొని అదే పాట పాడి పెట్టింది. రెండో రోజుకు స్ట్రైక్ వచ్చింది. వీడియో పోయింది. తన అవ్వ దగ్గర నేర్చుకున్న పాట, తన గొంతుతో పాడితే, అది తనది కాదని ఒక మిషను చెప్పింది. "అన్నా, నా పాటకు నేనెట్ల దొంగనైతా?" అని అడిగింది నన్ను.

1977లో జడ్జి వేసుకున్న ప్రశ్నే అది. ఇప్పుడు చట్టం ఉంది. 2012 సవరణ ఉంది, 2013లో గాయకుల హక్కుల కోసం ఇస్రా అనే సంఘం కూడా వచ్చింది. కానీ అవి ముంబైలో, చెన్నైలో పేరున్న గొంతులకు తెలిసిన సంగతులు. నంద్యాల పక్క పల్లెకు చట్టం రాలేదు, ఒప్పంద కాగితం మాత్రం వచ్చింది. ఈ పిల్లకు ఎవరైనా చిన్నప్పుడు చెప్పి ఉంటే బాగుండేది: మన జిల్లాల్లోనే ప్రొద్దుటూరులో నీలాగే పాడే ఒకామె పుట్టింది, గొంతుతో సంపాదించి కంపెనీ పెట్టుకుంది, తన పాట తన కంపెనీలో పాడుకుంది అని. చెప్పలేదు. ఎందుకంటే మాకెవరికీ తెలియదు. మాకు తెలిసింది ప్రేమనగర్‌లో తల్లి.

సీమకు ఇది కొత్త విద్య కూడా కాదు. సురభి నాటకాలు పుట్టింది కడప జిల్లా సురభి అనే పల్లెలో, 1885లో, వనారస గోవిందరావు చేతిలో. ఆడ వేషాలు మగవాళ్ళు కట్టే కాలంలో సురభిలో ఇంటి ఆడవాళ్ళే రంగం మీదికి వచ్చి పాడారు. కంపెనీ ఎవరిది? ఇంటిదే. తెరలు ఇంటివి, హార్మోనియం ఇంటిది, టికెట్టు డబ్బులు ఇంటికే. ఆ ఇంట్లో ఆడవాళ్ళ వాటా ఎంత అనేది ఇంకో వ్యాసం. కానీ పాడేవాళ్ళే సంస్థను నడపడం అనే ఆలోచన ఈ ఎర్రనేలలోనే మొలిచింది. ఫ్యాక్షన్ తప్ప సీమకు కథ లేదు అనేవాళ్ళు కొంచెం ఇటు కూడా చూడొచ్చు. బాంబులున్న కథలు మాత్రమే మా కథలు అని ఒప్పుకొని కూర్చున్న మేమూ చూసుకోవాలి.

భానుమతి 2005 డిసెంబరు 24న పోయింది. శాంతకుమారి 2006 జనవరి 16న. నెల కూడా తిరగకముందే ఇద్దరు ఓనర్లు వెళ్ళిపోయారు. ఒకరికి పద్మభూషణ్ వచ్చింది, ఇంకొకరికి రఘుపతి వెంకయ్య అవార్డు వచ్చింది. అవార్డులు చాలు. నేను అడిగేది చాలా చిన్న పని. వికీపీడియాలో రాసేవాళ్ళు, యూట్యూబ్‌లో పాత సినిమాల మీద వీడియోలు చేసేవాళ్ళు, బళ్ళలో క్విజ్ ప్రశ్నలు తయారుచేసే టీచర్లు, ప్రొద్దుటూరు గొప్పలు చెప్పే మా చుట్టాలు, అందరికీ ఒకటే మాట. శాంతకుమారి పేరు పక్కన వరస మార్చండి. గాయని, నిర్మాత, నటి. తల్లి వేషాలు ఆ తర్వాత రాసుకోవచ్చు, కావాలంటే.

ఇక పాడే పిల్లలకు: సంతకం పెట్టే ముందు కాగితం చదవండి. చదవడం రాకపోతే చదివించుకోండి. నలుగురు కలిసి సొంత ఛానెల్ పెట్టుకోండి. ఎవరైనా పొగరు అంటే అననీయండి.